బోర్ల లెక్కా? నీటి లెక్కా?
విదేశీ సహాయ పథకాల ప్రణాళిక – మూల్యాంకనం

విదేశీ సహాయంతో మీ ప్రాంతంలో ఒక పథకం మొదలైనదని తెలియగానే "మనకేమి ఇస్తారు?" అని అడగడం సహజం. అయితే పథకం ముగిసిన అయిదేళ్ళకు మనకేమి మిగులుతుంది అన్నది అంతకంటె ముఖ్యమైన ప్రశ్న. బోరు కొరకు ఋణం తీసుకున్న రైతుకూ, అతనికి పంపుసెట్టు అరువిచ్చిన డీలరుకూ ఈ ప్రశ్నతోనే ఎక్కువ అవసరం. బోరు ఎండినంత మాత్రాన బాకీ ఎండదు గదా!

ప్రణాళికలోని నాలుగు మెట్లు

ఇట్టి పథకాలను రూపొందించేవారు సాధారణంగా లాజికల్ ఫ్రేమ్‌వర్క్ అనే పట్టికను వాడుతారు. ఇది 1969లో అమెరికా ప్రభుత్వ సహాయ సంస్థ యు.ఎస్.ఎయిడ్ కొరకు తయారైనది. ఇందులో నాలుగు మెట్లుంటాయి: వెచ్చించే వనరులు, పూర్తయ్యే పనులు, వాటివల్ల కలిగే మార్పు, అంతిమ లక్ష్యం. బోరు పథకాన్నే తీసుకోండి. డబ్బు, డ్రిల్లింగు యంత్రం వనరులు. తవ్విన బోరు పని. ఎండిన చేను తడవడం మార్పు. కుటుంబ ఆదాయం నిలకడగా పెరగడం లక్ష్యం.

ప్రతి మెట్టుకూ ఒక కొలమానాన్నీ, ఒక షరతునూ ముందే వ్రాసుకోవాలి. "భూమిలో నీరు తగినంత ఉంటుంది" అన్నది బోరు పథకానికి ఆధారమైన షరతు. దానిని పరీక్షించకపోతే పట్టికలో అన్నీ పూర్తయినట్లే కనిపించవచ్చును, పొలంలో మాత్రం పైరు ఎండవచ్చును.

మన జిల్లాల అనుభవం

నెదర్లాండ్స్ ప్రభుత్వ సహాయంతో 1995లో మొదలై 2003 వరకు నడిచిన ఆప్‌వెల్ పథకం క్రింద నాటి ఆంధ్రప్రదేశ్‌లోని కరువు జిల్లాలలో సన్న, చిన్నకారు రైతులకు మూడు వేలకు పైగా బోరుబావులు ఏర్పడ్డాయి. నీటిమట్టాన్ని రైతులే కొలవడం కూడా ఆ పథకంలోనే ఆరంభమైనది.

దాని తరువాత వచ్చిన రైతుల భూగర్భజల యాజమాన్య పథకం అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, మహబూబ్‌నగర్, నల్గొండ, ప్రకాశం జిల్లాలలో నడిచింది. 2006 నుండి ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ దీని అమలు బాధ్యత వహించింది. ఇందులో రైతులకు నగదు గాని, సబ్సిడీ గాని ఇవ్వలేదు. ఇచ్చినది కొలిచే విద్య. రైతులు వర్షపాతాన్ని, బావుల నీటిమట్టాన్ని తామే కొలిచి, రబీకి ముందు ఊరంతా కూర్చుని నీటి బడ్జెటు వేసుకునేవారు. ఏ పంట వేయాలన్నది మాత్రం ఎవరి నిర్ణయం వారిదే.

మీరూ ఈ లెక్క వేయవచ్చును. 200 లీటర్ల పీపా 50 సెకన్లలో నిండితే మీ బోరు గంటకు 14,400 లీటర్లు ఇస్తున్నట్లు. వరికి 1,200 మిల్లీమీటర్ల నీరు కావాలనుకుంటే ఎకరానికి సుమారు 48 లక్షల లీటర్లు అవుతుంది. వేరుసెనగకు 500 మిల్లీమీటర్లనుకుంటే సుమారు 20 లక్షల లీటర్లు చాలును. అనగా ఒక ఎకరం వరి నీటితో రెండెకరాలకు పైగా వేరుసెనగ పండుతుంది.

మూల్యాంకనం ఎట్లు?

సంపన్న దేశాల ఆర్థిక సహకార సంస్థకు చెందిన అభివృద్ధి సహాయ సంఘం 1991లో అయిదు ప్రమాణాలు సూచించింది. పథకం అవసరమైనదా? లక్ష్యం నెరవేరినదా? ఖర్చు సద్వినియోగమైనదా? ప్రజల జీవితంపై దీర్ఘకాలిక ప్రభావం ఏమిటి? సహాయం ఆగిన తరువాత ఫలితం నిలిచినదా? ఇతర కార్యక్రమాలతో పొందిక ఉన్నదా అనే ఆరవ ప్రమాణం 2019లో చేరింది.

వీటిలో కఠినమైన పరీక్ష నిలకడయే. జీతాలు, వాహనాలు వెళ్ళిపోయిన తరువాత కూడా వర్షమాపకం వద్దకు ఎవరైనా వెళ్ళుచున్నారా అన్నదే అసలు ప్రశ్న.

ఋణగ్రహీతలారా! కొత్త బోరుకు దరఖాస్తు చేసేముందు చుట్టుప్రక్కల బోర్ల లోతు, నీటిమట్టం వ్రాసుకొని చూడండి. డీలర్లారా! ఈ ఏడు అమ్మిన పంపుల సంఖ్యతో పాటు, మూడేళ్ళ క్రితం అమ్మినవాటిలో నేడు ఎన్ని నీరు తోడుతున్నవో లెక్కించండి. మీ అరువు వసూలుకు భరోసా ఆ రెండవ లెక్కలోనే ఉన్నది.