వేపచెట్టు నీడ మంచిది – వేపనూనె పసిబిడ్డకు చేటు

ఇంటిముందు వేపచెట్టు ఉంటే వైద్యుడు ఉన్నట్టేనని మన పెద్దల నమ్మకం. అందులో నిజం లేకపోలేదు. అయితే ఆ చెట్టులో ఆకు గుణం వేరు, పువ్వు గుణం వేరు, గింజ గుణం వేరు. ఈ తేడా తెలియక కొందరు తల్లులు పసిపిల్లల ప్రాణాల మీదికి తెస్తున్నారు.

చేదు ఎందుకు?

వేప ఎండకూ నీటి ఎద్దడికీ తట్టుకునే చెట్టు. ఉగాది రోజుల్లో తెల్లని చిన్నపూలు గుత్తులుగా పూస్తుంది. ఆషాఢానికి పండ్లు పసుపురంగుకు తిరుగుతాయి. పక్షులూ గబ్బిలాలూ తియ్యటి గుజ్జు తిని గింజ పారేస్తాయి. ఎవరూ నాటకుండానే దొడ్లో వేపమొక్క మొలిచేది అందుకే.

పురుగుల నుంచి కాపాడుకోవడానికి చెట్టు చేదు పదార్థాలను తయారుచేసుకుంటుంది. వాటిలో ముఖ్యమైనది అజాడిరాక్టిన్. అది ఎక్కువగా ఉండేది గింజలోని పప్పులో. దాన్ని తిన్న పురుగు మేత మానేస్తుంది, కుబుసం సరిగా విడవలేదు. అందుకే రైతులు వేపగింజల కషాయాన్ని పైరుమీద చల్లుతారు. గింజనుంచి తీసిన నూనె పురుగుమందుగా పనికివస్తుందంటే, అది తాగే వస్తువు కాదని తెలుసుకోవాలి.

ఏది వాడవచ్చు?

ఉగాది పచ్చడిలో వేపపువ్వు తినవచ్చు. వేపపుల్లతో పళ్లు తోముకోవచ్చు, చిగుళ్లు చీరుకోకుండా చివర మెత్తగా నమలాలి. ఆటలమ్మ పోసినప్పుడు వేపాకు పరిస్తే తప్పులేదు. కాని దానివల్ల వ్యాధి తగ్గదు. జ్వరం ఎక్కువైనా, ఆయాసం వచ్చినా ఆసుపత్రికి తీసుకురావాలి. ఆటలమ్మలో పిల్లలకు ఆస్పిరిన్ మాత్ర మాత్రం ఇవ్వకండి. చక్కెరవ్యాధి ఉన్నవారు వేపాకు నమ్ముకుని మందులు మానకూడదు.

పసిపిల్లలకు నూనె వద్దు

కడుపులో పురుగులనీ, దగ్గు, జలుబు అనీ పసిబిడ్డకు చెంచాడు వేపనూనె తాగించే అలవాటు కొన్ని ఇళ్లలో ఉంది. మలేషియాలో ఇలా నూనె తాగిన పిల్లలకు వచ్చిన విషలక్షణాలను అక్కడి డాక్టర్లు 1981లోనే వైద్యపత్రికలో రాశారు. మన దేశంలోనూ ఇటువంటి కేసులు వచ్చాయి.

నూనె తాగిన కొద్ది గంటల్లోనే బిడ్డకు వాంతులు మొదలవుతాయి. మత్తుగా పడుకుంటుంది, ఊపిరి వేగంగా తీస్తుంది, ఫిట్స్ వస్తాయి. కాలేయం, మెదడు దెబ్బతింటాయి. 1963లో రే అనే డాక్టరు వర్ణించిన జబ్బును ఇది పోలి ఉంటుంది. కొందరు పిల్లలు చనిపోయారు. బతికినవారిలో కొందరికి మెదడు లోపాలు మిగిలిపోయాయి. దీనికి విరుగుడు మందు లేదు. ఊపిరి నిలబెట్టడం, ఫిట్స్ ఆపడం, రక్తంలో చక్కెర పడిపోకుండా చూడడం, ఇదే వైద్యం. అందువల్ల ఎంత త్వరగా తెస్తే అంత మేలు.

ఏం చెయ్యాలి?

బిడ్డ వేపనూనె తాగిందని తెలిస్తే వాంతి చేయించకండి. గొంతులో వేలు పెట్టడం, ఉప్పునీళ్లు తాగించడం మరింత ప్రమాదం. మత్తుగా ఉంటే పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పోయకండి. వెంటనే 108కు ఫోన్ చెయ్యండి. నూనెసీసా వెంట తీసుకురండి. ఎంత తాగించారో, ఎన్నిగంటలకు తాగించారో దాచకుండా చెప్పండి. డాక్టరు తిడతాడని భయపడి దాచిపెడితే నష్టపోయేది బిడ్డే.

పురుగులకు నూనె తాగించవలసిన అవసరమే లేదు. ఏడాది దాటిన పిల్లలకు అంగన్‌వాడీల్లో, బడుల్లో ఆల్బెండజోల్ మాత్రలు ఉచితంగా ఇస్తున్నారు. ఏడాదిలోపు బిడ్డకు ఏ మందైనా డాక్టరును అడిగే ఇవ్వాలి.

గర్భిణులు కూడా వేపనూనె తాగకూడదు. దీపానికో, పురుగులమందుగానో ఇంట్లో ఉంచుకున్న సీసాను పిల్లలకు అందని ఎత్తులో పెట్టండి. వేపచెట్టును ఎన్నయినా పెంచుకోండి, దాని నూనెను మాత్రం పసివాళ్ల నోటికి దూరంగా ఉంచండి.