పందిట్లో బేస్ గిటార్: ఏది కొనాలి, ఏ శ్రుతిలో కట్టాలి



మన సరిహద్దు జిల్లాల్లో పెళ్ళి జరిగినా, వినాయక చవితి పందిరి వేసినా, ఊరి జాతర వచ్చినా సాయంత్రం పాటకచేరీ లేకపోతే ఏదో వెలితిగా ఉంటుంది. బళ్ళారి వైపు దాన్ని రసమంజరి అంటారు. హోసూరు దాటితే మెల్లిసై కచేరీ అంటారు. మనం ఆర్కెస్ట్రా అంటాం. పేరేదైనా, వేదిక మీద ఒక మూల నిలబడి, పొడుగాటి మెడ ఉన్న గిటారు మీద లావు తీగలను మీటే మనిషి ఒకడు ఉంటాడు. చూసేవాళ్ళ కళ్ళు పాడేవాళ్ళ మీదే ఉంటాయి. కానీ అతను వాయించడం ఆపితే, పాట కింద నేల జారిపోయినట్టు అందరికీ తెలుస్తుంది. ఆ వాద్యమే బేస్ గిటార్.

ఈ ప్రసంగానికి కారణం మా బడిలో చదువుకున్న ఒక అబ్బాయి. ఆమధ్య తండ్రితో కలిసి మా ఇంటికి వచ్చాడు. ఆర్కెస్ట్రాలో చేరాడట. ఏడాదిగా కూడబెట్టిన డబ్బుకు ఇంకొంత అప్పు కలిపి, ఐదు తీగల బేస్ గిటార్ కొంటానంటున్నాడు. తండ్రి నాతో, "వీడు వడ్డీకి తెస్తానంటాండాడు సార్, మీరే ఒక మాట చెప్పండి" అన్నారు. పగలు పిల్లలకు కన్నడం, తెలుగు చెప్పుకునే నేను సెలవు రోజుల్లో చాలా ఏళ్ళు ఆర్కెస్ట్రాలో బేస్ వాయించాను. అందుకని వాళ్ళు నన్ను అడిగారు. ఆ రోజు వాళ్ళకు చెప్పిన మాటలే ఇప్పుడు మీకూ చెబుతాను. మీ ఇంట్లో కూడా అలాంటి అబ్బాయో అమ్మాయో ఉండవచ్చు.

ముందు ఈ వాద్యం సంగతి తెలుసుకుందాం. 1951లో అమెరికాలో లియో ఫెండర్ అనే ఆయన ప్రెసిషన్ బేస్ అనే విద్యుత్ వాద్యాన్ని తయారు చేశారు. అంతకు ముందు ఆ మంద్ర స్వరాలు వాయించాలంటే మనిషి ఎత్తు ఉండే పెద్ద బేస్ ఫిడేలు కావాలి. దానికి మెట్లు ఉండవు, చెవిని నమ్ముకోవాలి. ఫెండర్ గిటారుకు మన వీణకు ఉన్నట్టు మెట్లు ఉన్నాయి. వేలు సరైన మెట్టు వెనక నొక్కితే స్వరం కచ్చితంగా పలుకుతుంది. ప్రెసిషన్ అన్న పేరు అందుకే వచ్చింది. ఆయన పెట్టిన 34 అంగుళాల తీగ పొడవే నేటికీ ఎక్కువ బేస్ గిటార్లలో కనిపిస్తుంది.

మామూలు బేస్ గిటారుకు నాలుగు తీగలు. లావు తీగ నుంచి సన్న తీగ దాకా వరసగా ఇ, ఏ, డి, జి అని శ్రుతి చేస్తారు. మన లెక్కలో చెప్పాలంటే అవి మూడు, ఆరు, రెండు, ఐదు శ్రుతులు. ఒక తీగను షడ్జం అనుకుంటే, దాని పక్క తీగ శుద్ధ మధ్యమం పలుకుతుంది. లావు తీగ సెకనుకు సుమారు 41 సార్లు కంపిస్తుంది. ఐదు తీగల గిటారులో ఇంకా లావైన బి తీగ ఒకటి ఉంటుంది. అది సెకనుకు సుమారు 31 సార్లు మాత్రమే కంపిస్తుంది. ఈ రెండు అంకెలు గుర్తుంచుకోండి. తరవాత మన జేబుతో వీటికి పని ఉంది.

ఇక కొనేటప్పుడు ఏం చూడాలి? పాతది కొన్నా తప్పు లేదు. గిటారును తల వైపు నుంచి కంటికి ఆనించి, మెడ వెంట చూడండి. మెడ మెలి తిరిగి ఉంటే వద్దనండి. కొద్దిగా వంపు ఉంటే భయం లేదు. మెడ లోపల ఉన్న ఇనుప కడ్డీని తెలిసినవారు సరిచేస్తే పోతుంది. ప్రతి తీగను ప్రతి మెట్టు మీదా నొక్కి వాయించండి. ఎక్కడైనా జరజరమని శబ్దం వస్తే కారణం అడగండి. బిరడాలు తిప్పి చూడండి, వదులుగా ఉంటే పాట మధ్యలో శ్రుతి జారుతుంది. చివరగా భుజాన వేసుకుని పది నిమిషాలు నిలబడండి. కచేరీ అంటే నాలుగు గంటలు నిలబడే పని. వెడల్పాటి పట్టీ కొనుక్కుంటే భుజం నొప్పి సగం తగ్గుతుంది.

కొన్ని గిటార్లలో 9 వోల్టుల బ్యాటరీ ఉంటుంది. వాటిని యాక్టివ్ అంటారు. చాలా వాటిలో వైరు గుచ్చి ఉంచినంతసేపూ బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది. వాయించడం అయ్యాక వైరు తీసేయండి. పెట్టెలో ఒక కొత్త బ్యాటరీ ఉంచుకోండి. బ్యాటరీ లేని గిటారుకు ఈ బాధ లేదు. పల్లె వేదికలకు అదే మేలని నా అభిప్రాయం.

తీగల్లోనూ రెండు రకాలున్నాయి. పైన గుండ్రటి తీగ చుట్టినవి గట్టిగా, మెరుపుగా పలుకుతాయి. బల్లపరుపు తీగ చుట్టినవి మెత్తగా, పాత సినిమా పాటలకు తగినట్టు పలుకుతాయి. ఏ రకమైనా వాయించగానే పొడిబట్టతో తుడవాలి. చెమట తీగకు శత్రువు.

ఇప్పుడు అసలు విషయం, శ్రుతి. మన కచేరీలో ఒకే గొంతు ఉండదు. ఒక పాట తెలుగు, మరొకటి కన్నడం, ఇంకొకటి హిందీ. ఒక గాయని ఐదున్నర అంటుంది, ఒక గాయకుడు రెండున్నర అంటాడు. ఒకటి అంటే సి, రెండు అంటే డి, మూడు అంటే ఇ, నాలుగు ఎఫ్, ఐదు జి, ఆరు ఏ, ఏడు బి. నడుమ ఉన్నవి అరలు. ఈ లెక్క బేస్ వాయించేవారికి ఎక్కాల్లా నోటికి రావాలి.

కీబోర్డు వాయించేవారికి ఒక సౌకర్యం ఉంది. ట్రాన్స్‌పోజ్ అనే మీట నొక్కితే, వేళ్ళు మార్చకుండానే శ్రుతి మారిపోతుంది. బేస్‌కు అలాంటి మీట లేదు, చెయ్యే జరగాలి. నా అనుభవం ఒకటి చెబుతాను. ఒక పెళ్ళి రిసెప్షన్‌లో మా కీబోర్డు మిత్రుడు అంతకు ముందు పాట కోసం అర శ్రుతి తగ్గించి, మళ్ళీ మామూలుకు తేవడం మరిచిపోయాడు. నేను రెండులో మొదలుపెట్టాను, అతను ఒకటిన్నరలో. రెండు వరసలు గడిచేసరికి పెళ్ళికొడుకు మేనమామ ముందుకు వచ్చి, "ఏం సార్, ఇద్దరూ వేరే వేరే పాటలు వాయిస్తాండారా?" అన్నాడు. అప్పటినుంచి ప్రతి పాటకు ముందు రెండు ప్రశ్నలు అడుగుతాను. శ్రుతి ఎంత? మీట మామూలులో ఉందా? ఇంకొక మాట. పాటను మెట్ల అంకెలతో బట్టీ పట్టకండి. షడ్జం నుంచి వేలు ఎంత దూరం వెళ్ళిందో దాన్ని నేర్చుకోండి. అప్పుడు శ్రుతి మారినా చేతి వరస మారదు.

కొందరు లావు తీగను ఇ నుంచి డి దాకా దించుతారు. రెండు శ్రుతి పాటలకు షడ్జం మంద్రంలో గంభీరంగా పలుకుతుంది, నిజమే. కానీ ఆ ఒక్క తీగ మీద ప్రతి స్వరమూ రెండు మెట్లు జరుగుతుంది. వెంటవెంటనే పాటలు మారే కచేరీలో పొరపాటు జరగడానికి అదే చాలు. ఇంకొందరు నాలుగు తీగలనూ అర శ్రుతి దించుతారు. అలా దించితే తీగ బిగువు సుమారు 11 శాతం తగ్గుతుంది. పూర్తి శ్రుతి దించితే 20 శాతం దాకా తగ్గుతుంది. తీగ వదులై మెట్లకు తగిలి గరగరలాడుతుంది. ఎప్పుడూ దించే వాయించాలంటే కాస్త లావు తీగలు వేసుకుని, మెడ కడ్డీని కూడా సరిచేయించాలి. గాయకులు మారుతూ ఉండే మన ఆర్కెస్ట్రాలకు మామూలు ఇ, ఏ, డి, జి శ్రుతే నమ్మకమైనది. రెండున్నర కావాలా? ఏ తీగ ఆరో మెట్టు మీద ఉంది, వాయించండి.

శ్రుతి చూసుకోవడానికి గిటారు తలకు తగిలించే చిన్న ట్యూనర్ కొనండి. అది చెక్క కదలికను బట్టి చెబుతుంది కనుక పక్కన డోలు మోగుతున్నా పనిచేస్తుంది. లావు తీగను అది పట్టలేకపోతే, 12వ మెట్టు మీద తీగను వేలితో తాకీ తాకనట్టు ఉంచి మీటండి. పై స్థాయి స్వరం పలుకుతుంది, ట్యూనర్ సులభంగా పట్టుకుంటుంది. హార్మోనియం ఉన్న కచేరీ అయితే హార్మోనియానికే శ్రుతి కలపండి, అది మన కోసం మారదు. వేసవిలో షామియానా కింద లైట్లు వెలిగాక తీగలు వేడెక్కి శ్రుతి దిగుతుంది. అరగంట తరవాత మరోసారి చూసుకోండి.

తరవాతిది యాంప్లిఫయర్. మంద్ర స్వరం వినిపించాలంటే ఎక్కువ గాలిని కదపాలి. దానికి పెద్ద స్పీకరు, ఎక్కువ శక్తి కావాలి. 100 వాట్లకు బదులు 200 వాట్లు కొంటే శబ్దం రెట్టింపు అవుతుందనుకుంటారు. కాదు, కొంచెమే పెరుగుతుంది. చెవికి రెట్టింపుగా తోచాలంటే పది రెట్ల శక్తి కావాలి. కాబట్టి ఆ పరుగు మనకు వద్దు. వేదిక మీద మనకూ, డ్రమ్ముల వారికీ వినబడేంత చిన్న యాంప్లిఫయర్ చాలు. జనానికి వినిపించే పని మైకు సెట్ బాక్సులది.

గిటారు నుంచి మైకు సెట్‌కు కలపడానికి డి.ఐ. బాక్స్ అనే చిన్న పెట్టె ఉంటుంది. గిటారు వైరు పొడుగైతే దారిలో రొద పట్టుకుంటుంది. డి.ఐ. బాక్స్ అదే శబ్దాన్ని రెండు తీగల్లో ఒకదానికొకటి తలకిందులుగా పంపుతుంది. దారిలో కలిసిన రొద మాత్రం రెండింటిలోనూ ఒకేలా ఉంటుంది. అవతల మిక్సరు ఒకదానిలోంచి మరొకటి తీసివేయగానే రొద పోయి పాట మిగులుతుంది. బడిలో చెప్పే తీసివేత లెక్కే ఇది.

ఇప్పుడు ఆ రెండు అంకెలు గుర్తు చేసుకోండి. పల్లె మైకు సెట్లలో చాలా బాక్సులు 41 కంపనాల స్వరాన్నే పూర్తిగా పలికించలేవు. 31 కంపనాల బి తీగ సంగతి చెప్పనక్కరలేదు. మోగని తీగ కోసం అప్పు చేయడమెందుకు?

అన్నిటికంటే ముఖ్యమైన మాట చివరకు దాచాను. ఒక జాతరలో వాన తుంపర పడుతోంది. జనరేటరు కరెంటు. స్పీకర్లలో గుయ్యిమని శబ్దం వస్తోందని ఎవరో యాంప్లిఫయర్ ప్లగ్గు మూడో పిన్ను విరిచేశారు. నాకు తెలియదు. ఎడమచేయి తీగల మీద ఉంచి, కోరస్ కోసం మైకు దగ్గరకు వంగాను. పెదవికి మైకు తగలగానే నిప్పురవ్వ ఎగిరింది. నేను వెనక్కి పడ్డాను. కాలికి రబ్బరు చెప్పులు, వెనక చెక్క పలకలు, దేవుడి దయ, ఏది కాపాడిందో చెప్పలేను. రెండు రోజులు నోరు మొద్దుబారింది.

మూడో పిన్ను ప్రాణం కాపాడే ఎర్త్ పిన్ను. గుయ్యిమనే శబ్దం వస్తే డి.ఐ. బాక్స్ మీద గ్రౌండ్ లిఫ్ట్ అనే మీట ఉంటుంది, అది నొక్కండి. అంతేగానీ పిన్ను విరవకండి. వేదిక మీది సామానంతటికీ ఒకే బోర్డు నుంచి కరెంటు తీసుకోండి. ఆ బోర్డుకు 30 మిల్లీ ఆంపియర్లకే తెగిపోయే ఆర్.సి.సి.బి. పెట్టించండి. మొదటి పాటకు ముందు ఎలక్ట్రీషియన్ చేత మైకు జాలికీ గిటారు తీగకూ మధ్య మీటరు పెట్టించండి. సున్నా దగ్గర ఉండాలి. లేకపోతే ఎవరు తొందరపెట్టినా వాయించకండి.

ఇరుగుపొరుగును కూడా తలచుకోవాలి. బేస్ శబ్దం గోడలు దాటి చాలా దూరం వెళ్తుంది. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడు స్పీకర్లు వాడకూడదు. పండుగల వంటి సందర్భాల్లో ఏడాదికి 15 రోజులకు మించకుండా, అర్ధరాత్రి దాకా ప్రభుత్వం సడలింపు ఇవ్వవచ్చు. మన ఊళ్ళోనూ పరీక్షకు చదివే పిల్లలున్నారు, నిద్ర పట్టని ముసలివాళ్ళున్నారు.

ఆర్కెస్ట్రా అంటే చిన్నచూపు వద్దు. ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గారు తొలిరోజుల్లో నడిపిన పాటకచేరీ బృందంలో ఇళయరాజా గారు వాయించేవారు. ఆ తరవాత ఇళయరాజా గారి పాటల్లో బేస్ గిటార్ తాళానికి తోడుగా మాత్రమే నిలవక, తనదంటూ ఒక పాట పాడింది. 1989లో వచ్చిన గీతాంజలి పాటలు మళ్ళీ ఒకసారి పెట్టుకుని, కింది గొంతును మాత్రమే వినండి.

మా అబ్బాయి ఏం చేశాడంటారా? పాత నాలుగు తీగల గిటారు ఒకటి మేమిద్దరం వెళ్ళి చూసి కొన్నాం. మిగిలిన డబ్బుతో డి.ఐ. బాక్స్, మంచి వైర్లు రెండు, ట్యూనర్, ఎర్త్ ఉన్న పొడిగింపు బోర్డు. అప్పు చేయలేదు. మొదటి కచేరీ అయ్యాక తండ్రి ఫోన్ చేశారు. "సార్, మావోడు కనపడలా, మూలన ఉండాడు. కానీ వినపడ్నాడు" అన్నారు.

బేస్ వాయించేవాడికి అంతకంటే కావలసింది ఏముంది?