నెలనెలా కట్టేది దేనికి?

పిల్లలు డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో స్థిరపడ్డారు. గుడివాడ, ఉయ్యూరు, పామర్రు చుట్టుపక్కల పల్లెల్లో మేడలకు తాళాలు పడ్డాయి. పొలం కౌలుకిచ్చేసిన పెద్దవాళ్లు కానూరు, పోరంకి, తాడేపల్లి వైపు ఫ్లాట్లలోకి మారుతున్నారు. తోటి వయసువాళ్లు, వేళకు భోజనం, పిలిస్తే పలికే మనిషి ఉండే సీనియర్ లివింగ్ మాట ఇప్పుడు కృష్ణా డెల్టా ఇళ్లలోనూ నలుగుతోంది. కోయంబత్తూరు, పుణె ఈ దారిలో ఎప్పుడో నడిచాయి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో సంతాన సాఫల్య రేటు 1.7. ఉన్న ఒకరిద్దరు పిల్లలూ దూరాన ఉంటే ఈ అవసరం పెరిగేదే.

కొనేముందు చదరపు అడుగు ధర దగ్గర గీచిగీచి బేరమాడతాం. మెయింటెనెన్స్ ఎంతో కనుక్కుంటాం. అందులో ఏమేం వస్తాయని అడిగేవాళ్లు మాత్రం తక్కువ. ఉన్నన్నాళ్లూ కట్టాల్సింది అదే.

ఏది వస్తుంది, ఏది రాదు

సీనియర్ లివింగ్‌లో ఇండిపెండెంట్ లివింగ్ అంటే తన పని తాను చేసుకోగల పెద్దవాళ్ల కోసం కట్టిన చోటు. నెల సొమ్ములోకి వాచ్‌మన్, లిఫ్టు, నీళ్ల మోటారు, మెట్లు ఊడవడం, చెత్త, కామన్ కరెంటు బిల్లు వస్తాయి. భోజనం, ఇల్లు శుభ్రం చేయడం కొన్నిచోట్ల కలుపుతారు, కొన్నిచోట్ల విడిగా లెక్కగడతారు. రాత్రిపూట బాత్రూంలో కాలు జారితే లేపేదెవరు? ఆస్పత్రికి వెంట వెళ్లేదెవరు? తుంటి విరిగి వారాల తరబడి మంచాన ఉంటే ఆయా జీతం ఎవరిది? ఇవి సాధారణంగా ఆ సొమ్ములో ఉండవు. “అన్నీ వాళ్లే చూసుకుంటారమ్మా” అని కొడుకు ఫోన్లో నమ్మకంగా చెబుతాడు. ఒప్పందంలో ఆ మాట ఉండదు. పడిపోయిన రాత్రి గానీ అమ్మకు ఆ సంగతి తెలియదు. అది నన్ను చాలా బాధిస్తుంది.

కేంద్ర గృహనిర్మాణ శాఖ 2019లో రిటైర్మెంట్ హోమ్‌లకు నమూనా మార్గదర్శకాలు ఇచ్చింది. బిల్డరు, సేవలందించే సంస్థ, కొన్నవారు, ముగ్గురి మధ్యా ఒప్పందం ఉండాలని అందులో ఉంది. అవి నమూనాలే, రాష్ట్రాలు తీసుకుంటేనే బలం. అయినా ఆ ముగ్గురి ఒప్పందం చూపించమని అడగడానికి ఏ చట్టమూ అడ్డు రాదు. 2016 నాటి రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టానికి మాత్రం పదునుంది. ఫ్లాట్ల యజమానుల అసోసియేషన్ చేతికి అప్పగించేదాకా అత్యావశ్యక సేవలు సబబైన చార్జీలకు నడపాల్సింది బిల్డరే. ఫ్లాటు అప్పగించిన అయిదేళ్లలో నిర్మాణ లోపం బయటపడి, మనం చెబితే, 30 రోజుల్లో పైసా తీసుకోకుండా బాగుచేయాలి.

ఈ నేల, ఈ నీళ్లు

మన దగ్గర ఇల్లు కట్టడం కంటే నిలుపుకోవడం కష్టం. నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. ప్రహరీలు ఒరుగుతాయి, నడిచే బాటలో పలకలు లేస్తాయి. కుర్రాళ్లు దాటుకుపోయే ఆ పలక డెబ్భై అయిదేళ్ల కాలికి ప్రమాదం. సముద్రం వైపు వెళ్లేకొద్దీ బోరు నీళ్లు ఉప్పన, పైపులు, గీజర్లు తొందరగా పాడవుతాయి. అందుకే మెయింటెనెన్స్ తక్కువన్న ప్రకటన చూసి సంబరపడకూడదు. లిఫ్టు మార్చాల్సిన ఏడాదికి కార్పస్ ఫండ్ ఎంత ఉంది, ఎవరి ఖాతాలో ఉంది అని అడగాలి.

అసలు పరీక్ష 2024 సెప్టెంబరు 1న వచ్చింది. బుడమేరు వాగుకు గండ్లు పడి విజయవాడలో సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట మునిగాయి. కృష్ణలోనూ ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది. కింది అంతస్తులు నీళ్లలో, పైన కరెంటు లేదు. లిఫ్టు కదలదు, మోటారు తిరగదు, ట్యాంకులో నీళ్లు అయిపోతాయి, ఫ్రిజ్‌లో ఇన్సులిన్ చల్లదనం తగ్గిపోతుంది. పడవలూ డ్రోన్లూ అన్నం పొట్లాలు తెచ్చాయి. మోకాళ్లు సహకరించని మనిషి అయిదో అంతస్తు నుంచి వాటికోసం ఎలా దిగిరావాలి? చాలా అపార్టుమెంట్లలో జనరేటర్, కరెంటు ప్యానెల్ సెల్లారులోనో కిందనో ఉంటాయి. ముందు మునిగేవి అవే. పెద్దవాళ్ల కోసమని అమ్మే ఏ భవనంలోనైనా వాటిని 2024 నీటిమట్టానికి పైకి ఎత్తాలి. నెలనెలా డబ్బు తీసుకునేవాళ్లను నేను మొట్టమొదట అడిగేది ఇదే. క్లబ్‌హౌస్ తర్వాత చూసుకోవచ్చు.

సంతకం ఎవరిది?

నెల సొమ్ము ఏటా పెరుగుతుంది, పెన్షన్ ఆ వేగంతో పెరగదు. ఏటా ఎంత శాతం మించకూడదో ఒప్పందంలో రాయించుకోవాలి. అసోసియేషన్ వసూలు చేసేది సభ్యుడికి నెలకు 7,500 రూపాయలు దాటి, దాని ఏడాది రాబడి 20 లక్షలు మించితే 18 శాతం జీఎస్టీ కూడా పడుతుంది. పిల్లలు కట్టడం మానేస్తే 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం కింద ఆర్డీఓ ట్రైబ్యునల్‌కు వెళ్లవచ్చు. ఆ చట్టం పెట్టిన గరిష్ఠ భరణం నెలకు 10,000 రూపాయలు. భోజనం, ఆయా కలిపితే అది ఏ మూలకూ రాదు.

ఇంకో చిక్కుంది. ఫ్లాటు కొడుకు పేరున, కాపురం అమ్మది. అసోసియేషన్‌లో సభ్యత్వం యజమానికే. లిఫ్టు పనిచేయని సంగతి రోజూ అనుభవించేది ఆమె, మీటింగులో చేయెత్తే హక్కు వేల మైళ్ల అవతల ఉన్న అతనిది. రిజిస్ట్రేషన్ రోజునే అమ్మ పేరు కూడా రాయించాలి. కుదరకపోతే కొడుకు తన తరఫున మాట్లాడే అధికారం ఆమెకిస్తూ అసోసియేషన్‌కు ఉత్తరం ఇవ్వాలి. లెక్కల పుస్తకం, డీజిల్ బిల్లులు అడిగి చూసే అధికారం కూడా అందులో రాయాలి.