బడి దుమ్ములో చిట్టెలుక సంతకం

సెలవుల తరువాత తరగతి గది తలుపు తీయగానే గుప్పుమనే ఘాటు వాసన మన ఉపాధ్యాయులకు కొత్త కాదు. బీరువా వెనక, పాత జవాబు పత్రాల కట్టల్లో, మధ్యాహ్న భోజనం బియ్యం మూటల పక్కన చిట్టెలుకలు కాపురం పెట్టాయన్నమాట. హోసూరు, కృష్ణగిరి పల్లెల్లో రాగుల నూర్పిళ్లయ్యాక ఇళ్లలోనూ ఇదే కథ. పెంటికలు ఊడ్చేసి, కిటికీలు తెరిచి పాఠం మొదలుపెడతాం. వాసన పోతుంది గానీ, దుమ్ములో ఒకటి మిగిలిపోతుంది. అదేమిటో, దాన్ని ప్రయోగశాలలో ఎలా పట్టుకుంటారో ఈసారి చెప్పుకుందాం.

మనిషి మూత్రంలో ప్రొటీన్ ఎక్కువగా కనిపిస్తే డాక్టరు ముందు కిడ్నీల గురించి ఆలోచిస్తారు. చిట్టెలుక సంగతి వేరు. ఆరోగ్యంగా ఉన్న చిట్టెలుక మూత్రంలోనే ప్రొటీన్ బాగా ఉంటుంది, మగవాటిలో మరీ ఎక్కువ. ఈ ప్రొటీన్లు చాలావరకు కాలేయంలో తయారై, రక్తం ద్వారా మూత్రంలోకి చేరుతాయి. ఒక్కో ప్రొటీన్ చిన్న గిన్నెలా ఉండి, వాసన పదార్థాన్ని లోపల దాచుకుని, కొంచెం కొంచెంగా బయటికి వదులుతుంది. అందుకే చిట్టెలుక తిరిగిన చోట వాసన గంటల తరబడి నిలుస్తుంది. ఏ చిట్టెలుకకు ఆ చిట్టెలుక ఈ ప్రొటీన్లను వేరు వేరు పాళ్లలో కలిపి విడుస్తుంది కనుక, అది దాని సంతకం లాంటిది. ఆడవాటిని ఆకర్షించే ఒక ప్రొటీన్‌కు 2010లో ఇంగ్లండులోని లివర్‌పూల్ శాస్త్రవేత్తలు 'డార్సిన్' అని పేరు పెట్టారు. జేన్ ఆస్టిన్ నవలా నాయకుడు డార్సీ పేరు అది. శాస్త్రవేత్తలకూ సరదా ఉంటుంది మరి!

సరదా అక్కడితో సరి. ఎండిన మూత్రం దుమ్ములో కలిసి గాలిలోకి లేస్తే, ఇదే ప్రొటీన్ కొందరికి పడదు. తుమ్ములు, కళ్ల దురద వస్తాయి, ఉబ్బసం ఉన్న పిల్లలకు పిల్లికూతలు ఎక్కువవుతాయి.

కంటికి కనబడని ఈ ప్రొటీన్‌ను పిడికెడు దుమ్ములో వెతికేదెలా? అక్కడికే వస్తుంది యాంటీబాడీ. మన పుస్తకాల్లో 'ప్రతిరక్షకం' అంటారు. పాముకాటుకు ఇచ్చే మందులో ఉండేవి గుర్రాల రక్తం నుంచి తీసిన యాంటీబాడీలే. విషంలోని ప్రొటీన్లను అవి పోల్చుకుని పట్టుకుంటాయి. చిట్టెలుక మూత్రపు ప్రొటీన్‌ను పట్టే యాంటీబాడీ కావాలంటే ఆ ప్రొటీన్‌ను కుందేలు వంటి వేరే జంతువుకు ఎక్కిస్తారు. చిట్టెలుకకే ఎక్కిస్తే లాభం లేదు. సొంత సరుకును దాని ఒళ్లు పరాయిదిగా చూడదు.

పరీక్ష ఇలా సాగుతుంది. గుంటలున్న ప్లాస్టిక్ పలకలో అడుగున ఒక యాంటీబాడీని అంటిస్తారు. దుమ్మును కలిపి వడకట్టిన ద్రవాన్ని అందులో పోస్తారు. ప్రొటీన్ ఉంటే అతుక్కుంటుంది, మిగిలింది కడిగేస్తే పోతుంది. రంగు తెప్పించే ఎంజైమును మోసే రెండో యాంటీబాడీని ఆపైన వేస్తారు. రంగు ఎంత చిక్కబడితే ప్రొటీన్ అంత ఉన్నట్టు.

రంగు వచ్చింది కదా అని అంతటితో ఒప్పుకోకూడదు. పెద్ద ఎలుక మూత్రంలో ఈ ప్రొటీన్‌కు దాయాది ఉంది, యాంటీబాడీ పొరపాటున దాన్నీ పట్టుకోవచ్చు. అది కాక, ప్రొటీన్ అసలు లేని గుంట ఒకటి, ఎంత ఉందో ముందే తెలిసిన గుంటలు కొన్ని పక్కనే పెడతారు. ఏమీ లేని గుంటలోనూ రంగు వస్తే ఆ రోజు ఫలితాలు చెత్తబుట్టకే. మందుల షాపులో దొరికే గర్భ పరీక్ష పట్టీ కూడా మూత్రం మీద పనిచేసే యాంటీబాడీయే. దాని మీద 'సి' గీత రాకపోతే పరీక్ష చెల్లదు. పదో తరగతి పాఠంలో ఈ పట్టీని చూపించడానికి సంకోచించే ఉపాధ్యాయులున్నారు. మా మట్టుకు అంతకన్నా చవకైన, మంచి ఉదాహరణ లేదు.

ఇలాంటి పరీక్షే బడి దాకా వెళ్లింది. ఈశాన్య అమెరికాలో 37 బడుల్లో ఉబ్బసం ఉన్న 284 మంది పిల్లల తరగతి గదుల దుమ్మును పరీక్షించి 2017లో ఫలితాలు ప్రకటించారు. 99.5 శాతం నమూనాల్లో చిట్టెలుక ప్రొటీన్ ఉంది. అది ఎక్కువున్న గదుల్లోని పిల్లలకు ఉబ్బసం బాధపెట్టిన రోజులు ఎక్కువ, ఊపిరితిత్తుల బలం తక్కువ. పరిష్కారం మాత్రం అంత సులువుగా దొరకలేదు. అదే బృందం బడుల్లో ఎలుకల నివారణ చేసి, గదుల్లో గాలి వడపోత యంత్రాలు పెట్టి చూసింది. లక్షణాలు చెప్పుకోదగ్గంతగా తగ్గలేదని 2021లో ఉన్నదున్నట్టు చెప్పింది.

ఆ అంకెలను తెచ్చి మన బడులకు అంటించలేం. అక్కడి చలికి కిటికీలు మూసి ఉంటాయి, మన గదుల్లో గాలి ఆడుతుంది. అయినా బియ్యం, పప్పు మూతబిగిసే డబ్బాల్లో పెట్టడానికి ఏ పరిశోధన కోసమూ ఆగనక్కరలేదు. పెన్సిలు దూరే సందు చాలు, చిట్టెలుక లోపలికి వచ్చేస్తుంది. అలాంటి సందులను సిమెంటుతో పూడ్చాలి. పెంటికలను పొడి చీపురుతో ఊడ్చి దుమ్ము లేపకుండా, తడిగుడ్డతో తుడవాలి. ఆ పని పిల్లలకు అప్పగించకూడదు.

తల్లిదండ్రులకు ఒక మాట. మీ బిడ్డకు బడి రోజుల్లో ఆయాసం ఎక్కువై సెలవుల్లో తగ్గుతోందా? ఆ తేదీలు ఒక నోటుబుక్కులో రాసుకుని డాక్టరుకు చూపించండి.