పాఠం సిద్ధం, పీటలు ఖాళీ

రాజధానిలో శిక్షణ తరగతులకు ఏనాడూ కరువు లేదు. పాతబడిన పట్టణాలను బాగుచేసే విద్యను పురపాలక సిబ్బందికి నేర్పాలని ప్రతి ప్రభుత్వమూ సంకల్పం చెప్పుకున్నదే. 1976లో జాతీయ పట్టణ వ్యవహారాల సంస్థ ఇక్కడ వెలసింది. 2005లో నెహ్రూ పేరిట వచ్చిన పట్టణ నవీకరణ పథకం, 2015లో అమృత్, 2020లో మిషన్ కర్మయోగి, అన్నిటిలోనూ శిక్షణకు ఒక అధ్యాయం ఉన్నది. అయితే మురుగు కాలువ దగ్గరకు వచ్చేసరికి ఆ చదువు ఏమవుతున్నది?

ఈ ప్రశ్న సూరత్ నుంచి హజీరా వెళ్ళే దారిలో, ఇచ్ఛాపూర్ వద్ద నాకు మళ్ళీ ఎదురైంది. ఒకప్పుడిది గ్రామ పంచాయతీ. 2020లో సూరత్ హద్దులు విస్తరించినప్పుడు నగరంలో కలిసింది. ఒక వంక ఆభరణాల పరిశ్రమ పార్కు, మరొక వంక పాత ఊరు. ఉత్తర్వుతో పల్లె ఒక్కరోజులో నగరం కాగలదు. కాని పంచాయతీ లెక్కలు రాసిన గుమాస్తా ఒక్కరోజులో నగర నిర్వాహకుడు కాలేడు.

సూరత్‌కు ఈ సంగతి అనుభవపూర్వకంగా తెలుసు. 1994 సెప్టెంబరులో ప్లేగు యాభై మందికి పైగా పొట్టన పెట్టుకున్నది. జనం మూటాముల్లె సర్దుకుని పారిపోయారు. 1995లో కమిషనరుగా వచ్చిన శ్రీ సూర్యదేవర రామచంద్రరావు కొత్త సైన్యాన్ని వెంటతెచ్చుకోలేదు. ఉన్న ఉద్యోగులనే చల్లని గదుల నుంచి లేపి ప్రతిదినం వీధుల్లో తిప్పారు. జోన్ల అధికారులకు నిర్ణయాధికారం అప్పగించారు. ఏడాది తిరిగేసరికి దేశంలోని పరిశుభ్ర నగరాలలో సూరత్‌కు రెండవ స్థానం దక్కింది. 1998లో ఆయనను పద్మశ్రీ వరించింది. తరగతి గది ఇవ్వలేని శిక్షణను అక్కడ వీధి ఇచ్చింది. దానికి తోడు అధికారమూ ఉన్నది.

ఆ రెండవదే నేడు కొరవడినది. నగర ప్రణాళిక మొదలు మురికివాడల అభివృద్ధి వరకు 18 బాధ్యతలను 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ పట్టికలో చేర్చింది. వాటిని పురపాలక సంస్థలకు అప్పగించడం మాత్రం రాష్ట్రాల దయకు వదిలింది. ఇక మనుషుల సంగతి. 2021లో నీతి ఆయోగ్ తేల్చిన లెక్క ప్రకారం రాష్ట్రాల పట్టణ ప్రణాళికా శాఖలకు 12 వేలకు పైగా నిపుణులు కావాలి. మంజూరైన ఉద్యోగాలు 4 వేల లోపే. అందులోనూ 42 శాతం ఖాళీ! పీటలే ఖాళీగా ఉండగా పాఠం ఎవరికి?

మనవారు దీనిని గుజరాతు కథగా చదివి పక్కన పెట్టరాదు. 2007లో 12 పురపాలక సంఘాలను కలిపి గ్రేటర్ హైదరాబాదును నిలబెట్టింది మనమే. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పట్టణ అధ్యయన కేంద్రం 1970 నుంచీ ఉన్నది. గురువులకు లోటు లేదు. నేర్చుకున్న ఉద్యోగిని అదే ఊరిలో నాలుగేళ్ళు ఉండనిచ్చే ప్రభుత్వమే కావాలి.

సూరత్‌కు బుద్ధి చెప్పడానికి ప్లేగు రావలసి వచ్చింది. మన పట్టణాలు ఏ ఉపద్రవం కోసం కాచుకుని ఉన్నట్లు?