స్విచ్ మాట్రిక్స్‌లో దోషాల అన్వేషణ: పిన్‌బాల్ యంత్రం ఒక ఉదాహరణ

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• స్విచ్ మాట్రిక్స్ పనిచేసే విధానాన్ని వివరించగలుగుతారు.
• దోషం కనిపించే తీరును బట్టి అది ఎక్కడుందో నిర్ణయించగలుగుతారు.
• ఆప్టికల్ సెన్సర్‌ను పరీక్షించే పద్ధతిని చెప్పగలుగుతారు.

1. పరిచయం

పిన్‌బాల్ ఆటలో వాలుగా ఉన్న బల్ల మీద ఉక్కు బంతి దొర్లుతుంది. అది కిందికి జారిపోకుండా ఆటగాడు ఫ్లిప్పర్లతో కొడుతూ ఉంటాడు. యంత్రంలోని కంప్యూటర్‌కు బంతి కనిపించదు. స్విచ్‌లు, సెన్సర్లు చెప్పినదే దానికి తెలుస్తుంది. అందువల్ల ఒక్క స్విచ్ పనిచేయకపోయినా పాయింట్లు రావు, లేదా గుంటలో ఆగిన బంతి బయటికి రాదు.

అమెరికాలోని విలియమ్స్ సంస్థ 1990లలో తయారుచేసిన డబ్ల్యూపీసీ తరహా యంత్రాలను ఇక్కడ ఉదాహరణగా తీసుకుందాం. 1992లో వచ్చిన 'ది ఆడమ్స్ ఫ్యామిలీ' ఈ తరహాదే. ఆ సంస్థ 1999లో పిన్‌బాల్ తయారీ మానేసింది. అంటే ఈ బోర్డులన్నీ పాతవే. వాటి మీద అనవసరంగా టంకం తీసి పెడితే రాగి పొర లేచిపోతుంది. కాబట్టి ఈ పాఠంలోని ముఖ్య సూత్రం ఇది: దోషం ఎక్కడుందో నిరూపించుకున్న తరువాతే భాగాన్ని మార్చాలి.

2. మాట్రిక్స్ నిర్మాణం

64 స్విచ్‌లకు విడివిడిగా తీగలు లాగితే అల్లిక చాలా పెద్దదవుతుంది. 8 నిలువు వరుసలు, 8 అడ్డు వరుసలుగా అమర్చితే 16 తీగలు చాలు. కంప్యూటర్ కీబోర్డులోనూ ఇదే పద్ధతి వాడతారు.

అడ్డు వరుసల తీగలు మామూలుగా 12 వోల్టుల దగ్గర ఉంటాయి. ప్రాసెసర్ యూఎల్ఎన్2803 ఐసీ ద్వారా నిలువు వరుసలను ఒకదాని తరువాత ఒకటిగా సున్నా వోల్టుల దగ్గరికి లాగుతుంది. ఆ క్షణంలో అందులోని ఏదైనా స్విచ్ మూసి ఉంటే, దాని అడ్డు వరుస వోల్టేజీ కూడా పడిపోతుంది. ఎల్ఎమ్339 కంపారేటర్ దీనిని గుర్తిస్తుంది. స్విచ్ సంఖ్యలో మొదటి అంకె నిలువు వరుసను, రెండవ అంకె అడ్డు వరుసను తెలుపుతుంది. 25 అంటే 2వ నిలువు, 5వ అడ్డు వరుస కలిసే చోటు.

ప్రతి స్విచ్‌తో శ్రేణిలో ఒక డయోడ్ ఉంటుంది. అది విద్యుత్తును ఒకే దిశలో పోనిస్తుంది.

3. దోషం తీరు చెప్పే విషయం

యంత్రాన్ని పరీక్ష స్థితిలో ఉంచి, ఒక్కొక్క స్విచ్‌ను చేత్తో నొక్కి, తెర మీద కనిపించే సంఖ్యను రాసుకోండి. నాలుగు తీరులు ఎదురవుతాయి.

(అ) ఒకే స్విచ్ పనిచేయదు: దోషం ఆ స్విచ్‌లోనో, దాని డయోడ్‌లోనో, ఊడిన తీగలోనో ఉంటుంది. బంగారు పూత ఉన్న ఆకు స్విచ్‌లను ఆకురాయితో గీకకండి, పూత పోతుంది. మూసిన కొనల మధ్య మందపాటి కాగితం పెట్టి లాగితే చాలు.

(ఆ) ఒక వరుసలో కొన్ని మాత్రమే పనిచేయవు: తీగ ఒక స్విచ్ నుంచి మరో స్విచ్‌కు గొలుసులా పోతుంది. చివరిగా పనిచేసిన స్విచ్‌కు, తరువాతి దానికి మధ్య తెగి ఉంటుంది.

(ఇ) వరుస మొత్తం పనిచేయదు: కనెక్టర్‌ను, ఆ తరువాత ఐసీని అనుమానించాలి.

(ఈ) నొక్కని స్విచ్ నొక్కినట్లు కనిపిస్తుంది: 23, 25, 43 స్విచ్‌లు ఒకేసారి మూసి ఉన్నప్పుడు 45 కూడా మూసినట్లు కనిపిస్తోందనుకోండి. ఈ నాలుగూ ఒక దీర్ఘచతురస్రం మూలలు. 4వ నిలువు వరుస వంతు వచ్చినప్పుడు, 5వ అడ్డు వరుస నుంచి విద్యుత్తు 25 గుండా 2వ నిలువు తీగకు చేరి, 23 గుండా వెనక్కి నడిచి, 43 ద్వారా పోతోంది. 23 డయోడ్ బాగుంటే ఈ దారి మూసుకునేది. అంటే పాడైనది, లేని స్విచ్‌కు కర్ణం ఎదుటి మూలలోని డయోడ్. 45ను ఎంత పరిశీలించినా ఫలితం ఉండదు.

4. బోర్డా, తీగలా?

వరుస మొత్తం పోయినప్పుడు ఇలా చేయండి. విద్యుత్తు ఆపి, ఆట బల్ల నుంచి వచ్చే స్విచ్ కనెక్టర్లను బోర్డు నుంచి తీయండి. మళ్ళీ విద్యుత్తు ఇచ్చి, పరీక్ష స్థితిలో ఒక నిలువు పిన్నును ఒక అడ్డు పిన్నుతో చిన్న తీగతో కలపండి. సరైన సంఖ్య కనిపిస్తే బోర్డు మంచిదే, దోషం బల్ల కింద ఉంది. కనిపించకపోతే ఐసీని పరీక్షించాలి.

ఐసీ కాలిందని తేలితే, ఎందుకు కాలిందో కూడా చూడండి. ఫ్లిప్పర్ల వంటి వాటి కాయిల్‌లకు సుమారు 70 వోల్టులు అందుతాయి. ఆ తీగ ఏ స్విచ్ కొనకో తగిలి ఉంటే, కొత్త ఐసీ కూడా కాలిపోతుంది.

5. ఆప్టికల్ సెన్సర్లు

వీటిలో ఒక వైపు పరారుణ ఎల్ఈడీ, ఎదురుగా ఫోటోట్రాన్సిస్టర్ ఉంటాయి. బంతి కాంతిని అడ్డుకున్నప్పుడు సంకేతం మారుతుంది. కాబట్టి బంతి లేనప్పుడే ఇది మూసిన స్విచ్‌గా కనిపించడం సహజం, దోషం కాదు. పరారుణ కాంతి కంటికి కనిపించదు. చాలా ఫోన్ కెమెరాల్లో ఎల్ఈడీ ఊదారంగులో వెలుగుతూ కనిపిస్తుంది. ఒక సెన్సర్ మాత్రమే పనిచేయకపోతే దుమ్మును, పగిలిన టంకాన్ని చూడండి. ఒకే చిన్న బోర్డుకు చెందిన సెన్సర్లన్నీ ఆగిపోతే, ముందుగా ఆ బోర్డుకు 12 వోల్టులు అందుతున్నాయో లేదో కొలవండి.

జాగ్రత్త: డయోడ్‌ను కొలిచేటప్పుడు, టంకం పెట్టేటప్పుడు ప్లగ్ తీసి ఉంచాలి.

6. సారాంశం

ఒక స్విచ్, తెగిన గొలుసు, పూర్తి వరుస, దీర్ఘచతురస్రం: ఈ నాలుగు తీరులు నాలుగు వేర్వేరు స్థానాలను చూపుతాయి. పనిముట్టు పట్టే ముందు కాగితం మీద 8×8 గడులు గీసి, పనిచేయని వాటిని గుర్తించండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. 12, 16, 52 ఒకేసారి మూసినప్పుడు 56 కూడా కనిపించింది. ఏ డయోడ్‌ను పరీక్షించాలి?
2. కాలిన ఐసీని మార్చే ముందు ఏమి చూడాలి?

జవాబులు: 1. స్విచ్ 12 డయోడ్. 2. కాయిల్ తీగ ఎక్కడైనా స్విచ్ తీగకు తగులుతోందేమో చూడాలి.