తీగల మీద చలికాలం

ముందు మంద్రంగా పలికే తీగవాద్యాలు, చెల్లోలు, అందుకుంటాయి. ఒకే స్వరం, ఆగి ఆగి, మళ్లీ మళ్లీ. వాటిపైన వియోలాలు చేరతాయి, తర్వాత రెండో వరస వయొలిన్లు, చివరికి మొదటి వరస. ఒక్కో బృందం స్వరం పక్కవాళ్ల స్వరాన్ని ఒరుసుకుంటూ మోగుతుంది. ఎక్కడో శ్రుతి తప్పిందేమో అనిపిస్తుంది. తప్పలేదు. ఆ ఒరిపిడే చలి! మంచులో నిలబడి గజగజ వణుకుతున్న మనిషిని ఆంటోనియో వివాల్డి మనకు చూపించింది అపస్వరాల పొందికతోనే.

వివాల్డి 1678లో వెనిస్‌లో పుట్టాడు. 1703లో చర్చి గురువయ్యాడు. జుట్టు ఎర్రగా ఉండటంతో ఊరంతా ‘ఎర్ర ఫాదర్’ అని పిలిచేవారు. అదే ఏడాది పియెతా అనే అనాథాశ్రమంలో ఆడపిల్లలకు వయొలిన్ నేర్పే పనిలో చేరాడు. 1725లో ఆమ్‌స్టర్‌డామ్‌లో అచ్చయిన ఆయన 12 కన్చెర్టోల సంపుటిలో మొదటి నాలుగూ నాలుగు ఋతువులు. వాటిలో చివరిది ‘శీతకాలం’.

ఇక్కడ కన్చెర్టో అంటే ఒక వయొలిన్‌కీ మొత్తం వాద్యబృందానికీ మధ్య సాగే సంభాషణ. వేగంగా, నెమ్మదిగా, మళ్లీ వేగంగా మూడు భాగాలు. వేగపు భాగాల్లో బృందం ఒక వరసను పదేపదే అందుకుంటుంది. దాన్ని రిటోర్నెల్లో అంటారు. చరణం ముగిశాక పల్లవికి వచ్చినట్టే, కాకపోతే ఇక్కడ పల్లవి తిరిగొచ్చినప్పుడల్లా శ్రుతి మారవచ్చు. ఆ మధ్య ఖాళీలు సోలో వయొలిన్‌వి.

‘శీతకాలం’లో ఆ ఖాళీల్లోకి ఈదురుగాలి దూరుతుంది. సోలో వయొలిన్ ఒక్కసారిగా మెరుపు వేగంతో స్వరాలు కురిపిస్తుంది. కాసేపటికి కాళ్లు నేలకేసి కొట్టుకోవడం, ఆపైన పళ్లు టకటకలాడటం. పళ్ల దగ్గర కమాను రెండేసి తీగల మీద ఒకేసారి గబగబా ఆడుతుంది. ఇదంతా మన ఊహ కాదు. నాలుగు కన్చెర్టోలకూ నాలుగు పద్యాలు అచ్చువేసి, ఏ పాదం సంగీతంలో ఎక్కడ పలుకుతుందో అక్షరాలతో గుర్తులు పెట్టారు. ఆ పద్యాలు ఎవరు రాశారో తెలియదు. వివాల్డే అయి ఉండవచ్చంటారు.

రెండో భాగం కేవలం 18 ఆవర్తాలు. ఇంట్లో చలిమంట, బయట వాన. బృందంలోని వయొలిన్లు కమాను వదిలి వేళ్లతో తీగలు మీటుతాయి, చినుకులు పడుతుంటాయి. వాటిపైన సోలో వయొలిన్ ఒక పొడుగాటి రాగాన్ని తొందరపడకుండా పాడుకుంటూ పోతుంది. ఇంత తక్కువలో ఇంత వెచ్చదనం నింపిన సంగీతం చాలా అరుదు.

మూడో భాగంలో మంచుగడ్డ మీద నడక. జారతామేమోనని ఒక్కో అడుగూ ఆచితూచి వేయడం, అంతలో జారిపడటం, లేచి పరుగెత్తడం, కాళ్ల కింద మంచు పగలడం. చివర దక్షిణపు గాలీ ఉత్తరపు గాలీ కలబడతాయి.

మన కచేరీ వయొలిన్ కూడా యూరప్ నుంచి వచ్చిందే. అయితే మనం దానితో ఒకే రాగధారను పలికిస్తాం కాబట్టి స్వరాలు పక్కపక్కన నిలబడి పోట్లాడుకోవడం మన చెవికి కొత్త. అందుకే ఈ కన్చెర్టోను మొదటిసారి వినేవారు సోలో వయొలిన్ వెంట పరుగెత్తకుండా, అడుగున ఉన్న చెల్లోల మీద చెవి పెట్టాలి. మొత్తం తొమ్మిది నిమిషాల లోపే. మొదటి నిమిషాన్ని రెండుసార్లు వినండి.